సంచిలో నవల, వేదిక మీద ఏనుగు

"మీకు తెలుగు ఇంత బాగా ఎలా వచ్చిందండీ?"

హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలోనో, విజయవాడ పుస్తక మహోత్సవంలోనో మా పుస్తకం చేతిలోకి తీసుకున్నవాళ్ళు మొదట అడిగేది చాలాసార్లు ఇదే. అట్ట చూస్తారు. పేరు చూస్తారు. మళ్ళీ మా మొహం చూస్తారు. నవల దేని గురించి అని అడగరు. అడిగేవాళ్ళలో దురుద్దేశం ఉండదు, మంచి మనసుతోనే అడుగుతారు. ఆ మంచి మనసే మమ్మల్ని ఎక్కువ కుంగదీస్తుంది. కర్నూలు జిల్లాలో దూదేకుల ఇంట పుట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చిన భాష తెలుగే. నల్లగొండ బస్తీలో ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ సర్కారు బడిలో తెలుగు మీడియం చదివినవాడికి రాత తెలుగే. ఎలా వచ్చిందంటే ఏం చెప్పాలి? మీకెలా వచ్చిందో మాకూ అలాగే వచ్చింది. కానీ ఆ మాట అనం. నవ్వేసి, "ఇక్కడే పుట్టామండీ" అని, చిల్లర కోసం జేబు తడుముకుంటాం. ఎందుకంటే అప్పుడు మేం అమ్మడానికి నిలబడ్డాం. కొనేవాడితో తగువు పెట్టుకునే స్థోమత అమ్మేవాడికి ఉండదు.

ఆ నిలబడటం గురించే ఈ నాలుగు మాటలు. నవల వస్తువు మీద, శిల్పం మీద, దృక్పథం మీద తెలుగులో కావలసినంత విమర్శ ఉంది. నవల అచ్చయ్యాక దాన్ని సంచిలో వేసుకుని తిరిగే చాకిరీని మాత్రం మన విమర్శ సాహిత్యంలో భాగంగా చూడదు. అది రచయిత సొంత గోల అనుకుంటుంది. మా అనుభవం వేరు. నవల రెండుసార్లు తయారవుతుంది. మొదటిసారి రాసేటప్పుడు. రెండోసారి అట్ట మీద, ముందుమాటలో, ఆవిష్కరణ సభలో, సమీక్షలో. మొదటిసారి కలం మా చేతిలో ఉంటుంది. రెండోసారి అది ఎవరి చేతిలో ఉందన్నదే మా పేచీ.

తెలుగులో నవలాకారుడే చాలావరకు ప్రచురణకర్త కూడా. ఇది అందరికీ ఉన్న కష్టమే, మాకొక్కరికే అని ఏడవం. ఐదువందల కాపీలు వేస్తాం. డి.టి.పి.కి డబ్బు, ప్రూఫులకు కళ్ళు, కాగితానికి అప్పు. పత్రికలకు సమీక్ష కోసం రెండేసి కాపీలు పంపాలి. షాపువాడి కమిషన్ పోను మిగిలింది ఎప్పుడొస్తుందో వాడి దయ. పెద్దలకు పోస్టులో పంపిన కాపీలకు 'అందింది' అని ఒక ముక్క రాదు. సగం కాపీలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉంటాయి, పండక్కి ఇల్లు దులిపినప్పుడల్లా ఇంట్లోవాళ్ళు అటువైపొకసారి, మావైపొకసారి చూస్తారు. ఇదంతా ఏ కులం రచయితకైనా తెలిసిందే. మాకు అదనంగా ఉన్నదొకటే. మేం పుస్తకంతో పాటు మమ్మల్ని కూడా అమ్మకానికి పెట్టాల్సి వస్తుంది.

అట్ట దగ్గరే మొదలవుతుంది. మాలో ఒకరి నవల వెల్డింగ్ షాపులో పనిచేసే కుర్రాడి కథ. తండ్రి చేసిన అప్పు, చెల్లెలి పెళ్ళి, కంట్లో పడిన నిప్పురవ్వ. నవల మొత్తంలో మసీదు ఒక్కసారి వస్తుంది, అదీ వాన పడితే కాసేపు తలదాచుకోవడానికి. అట్ట వేసి తెచ్చిన మిత్రుడు ఏం వేశాడనుకున్నారు? మినారు, దాని మీద నెలవంక, కింద కళ్ళు మాత్రం కనిపించే బుర్ఖా. "ముస్లిం నవల కదా, చూడగానే తెలియాలి" అన్నాడు. వెల్డింగ్ నిప్పులు వేయమంటే, "అది ఎవరి నవలైనా కావచ్చు కదా" అన్నాడు. ఔను, ఎవరిదైనా కావచ్చు. మేం రాసిందే అది! కానీ చివరికి ఆ మినారు అట్టతోనే పుస్తకం వచ్చింది. మేం ఒప్పుకున్నాం కాబట్టే వచ్చింది. ఆ సంగతి దాచుకోవడం లేదు.

తర్వాత ముందుమాటలు. ఒకటి చాలదు, మూడో నాలుగో ఉండాలి. ఒకటి అభ్యుదయం వైపు నుంచి, ఒకటి బహుజనుల వైపు నుంచి, ఒకటి మా తెగువను మెచ్చుకుంటూ, ఇంకొకటి మా సమాజంలోని 'లోపాలను' మేమే ఎత్తిచూపినందుకు అభినందిస్తూ. ఇన్ని జామీనులు ఉంటే తప్ప లోపలికి రానివ్వని ఇల్లు తెలుగు సాహిత్యం. అద్దె ఇంటి కోసం తిరిగిన మాకు ఇది కొత్త కాదు.

ఆవిష్కరణ సభ పెడతాం. ఉర్దూలో దీన్ని రస్మ్-ఎ-ఇజ్రా అంటారు, ఆ మాటకే ఒక ఠీవి ఉంది. తెలుగులో మాకు దక్కేది చిన్న హాలు, గొంతు పట్టిన మైకు, గోడకు ఫ్లెక్సీ. ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవాలన్నది పెద్ద తర్జనభర్జన. మావాళ్ళే మాట్లాడితే 'వాళ్ళ భుజాలు వాళ్ళే తట్టుకుంటున్నారు' అంటారు. పేరున్న పెద్దాయన కావాలి. వారం ముందే ఇంటికెళ్ళి పుస్తకం చేతిలో పెట్టి వస్తాం. సభ రోజున ఆయన కారులో వస్తూ వెనక అట్ట చదువుకుంటాడు.

మాట్లాడేటప్పుడు ఆ నలభై నిమిషాల్లో నవల రాదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కింది వస్తుంది. రంజాన్‌కి వాళ్ళింటికి షీర్‌ఖుర్మా పంపిన సాయిబుగారి మంచితనం వస్తుంది. గాలిబ్ పేరు మీద ఎవరిదో షేర్ ఒకటి వస్తుంది. చివర్లో "ఇలాంటి అభ్యుదయ భావాలున్న ముస్లింలు ఇంకా ఇంకా రావాలి" అంటాడు. చప్పట్లు. మేమూ కొడతాం. అంటే ఇలాంటివాళ్ళు తక్కువనేగా అర్థం? వెల్డింగ్ షాపు కుర్రాడి కన్ను ఏమైందో ఆ సాయంత్రం ఎవరూ అడగరు. రచయిత స్పందనకు ఐదు నిమిషాలు, అప్పటికే జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. సభ అయ్యాక లెక్క చూస్తే పట్టుమని ఇరవై కాపీలు కూడా పోయి ఉండవు. శాలువాలు మాత్రం మా ఇంట్లో చలికాలానికి సరిపడా ఉన్నాయి.

ఆ ఉపన్యాసంలో మమ్మల్ని పట్టి పీడించేది ఒక చిన్న మాట: 'వీళ్ళు'. 'వీళ్ళ జీవితాలు', 'వీళ్ళ ఆడవాళ్ళు', 'వీళ్ళలో మార్పు'. తెలుగు భాషకు ఒక సౌకర్యం ఉంది, ఇంగ్లీషుకూ ఉర్దూకూ లేనిది. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', వదిలేస్తే 'మేం'. నవల రాస్తున్నన్నాళ్ళూ మా లోపల నడిచేది 'మనం'. అప్పుల వాళ్ళు ఇంటి ముందు నిలబడితే గడప లోపల అందరికీ ఒకేలా ఉంటుంది, మతం ఏం చేస్తుంది అనుకుంటూ రాస్తాం. సభ పెట్టేసరికి అది 'మేం' అవుతుంది. ముఖ్య అతిథి నోట్లో 'వీళ్ళు' అవుతుంది. మర్నాడు పేపర్లో 'వారు'. ఈ వ్యాసం మొదటి నుంచీ 'మేం' అనే నడుస్తోంది, గమనించే ఉంటారు. ఈ పుస్తకంలో చోటు ఆ మాటకే దొరికింది మరి!

సమీక్షలూ అంతే. 'ముస్లిం జీవితాన్ని కళ్ళకు కట్టినట్టు చిత్రించారు', 'బయటి ప్రపంచానికి తెలియని లోకం'. ఆ లోకం మీ వీధి చివరే ఉంది, మీ సైకిలు పంక్చరు వేసింది ఆ లోకమే, అది వేరే సంగతి. మెచ్చుకోలుకు మాకు కొదవ లేదు. మూడో అధ్యాయం సాగదీశావురా అని తిట్టే విమర్శకుడి కోసం మొహం వాచిపోయి ఉన్నాం.

ఇలాంటప్పుడే మాకు వైక్కం ముహమ్మద్ బషీర్ గుర్తొస్తాడు. 1908లో పుట్టి 1994లో పోయిన ఈ మలయాళ రచయిత కథలు మనకు తెలుసు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళడం, ఏళ్ళ తరబడి దేశం తిరగడం, వంటవాడు, కాపలాదారు, జాతకాలు చెప్పేవాడు, ఇలా ఆయన చేయని పని లేదన్నదీ తెలుసు. ఆటసామాన్ల కంపెనీకి ఏజెంటుగా కూడా తిరిగాడు. సైకిలు మీంచి పడి ఆ పని పోయింది. బతుకుతెరువు అడగడానికి ఒక పత్రికాఫీసుకు పోతే, ఉద్యోగం లేదు, కథ రాసిస్తే డబ్బిస్తామన్నారు. అలా మొదలైంది ఆయన రాత. అంటే ఆయన కథ పుట్టింది బేరంలోనే. చేతులకు మట్టంటని కళలా పుట్టలేదు.

మనం అంతగా చెప్పుకోనిది, రాసిన తర్వాత ఆయన చేసిన పని. చిన్న చిన్న పుస్తకాలుగా వేసుకుని, తానే మోసుకుంటూ, ఇళ్ళకు వెళ్ళి అమ్మాడు. తర్వాత ఎర్నాకుళంలో పుస్తకాల దుకాణం పెట్టాడు. 'ప్రేమలేఖనం' 1943లో వచ్చింది, జైల్లో రాసింది. ఒక హిందువు, ఒక క్రైస్తవురాలు ప్రేమించుకునే నవ్వుల కథ. మరుసటేడు దాన్ని తిరువితాంకూరు సంస్థానం నిషేధించింది. 'బాల్యకాల సఖి' 1944లో వచ్చింది. దానికి ముందుమాట రాసిన ఎం.పి. పాల్ మలయాళ విమర్శకుల్లో పెద్ద తలకాయ, పుట్టుకతో క్రైస్తవుడు. ఆ ఒక్క ముందుమాటా మలయాళంలో ఇవాళ్టికీ చెప్పుకునేంత పేరు తెచ్చుకుంది. మా నాలుగూ ఎవరికైనా గుర్తున్నాయా?

ఇంటింటికీ తిరిగి అమ్మడంలో ఏముంది గొప్ప అనొచ్చు. మా కంటికి ఉంది. గడపలో నిలబడి పుస్తకం అమ్మేవాడికి ముఖ్య అతిథి ఉండడు. కొనేవాడికీ వాడికీ మధ్య పీర్ల పండుగ జ్ఞాపకాలు అడ్డం రావు. "ఇదేం కథ?" అని అడిగితే అక్కడికక్కడ చెప్పాలి, చెప్పింది బాగుంటే కొంటారు, లేకపోతే తలుపేస్తారు. అమ్మేవాడి నోట పుస్తకం మళ్ళీ కథ అవుతుంది. బషీర్ వాక్యం అంత పొట్టిగా, అంత మాటలాగా ఎందుకుంటుందో మలయాళ పండితులు రకరకాలుగా చెప్పి ఉంటారు. గుమ్మం ముందు నిలబడి కథ చెప్పాల్సి వచ్చినవాడికి పొడుగు వాక్యం పనికిరాదని మా అనుమానం. రుజువు చేయలేం. కానీ సంచి మోసిన భుజాన్నీ రాసిన చేతినీ విడదీసి చూడటం మాకు చేతకావడం లేదు.

ఇక ఆయన 1951 నవల. పేరే 'మా తాతకో ఏనుగుండేది' అనే అర్థం వచ్చే మాట, అదీ మాప్పిళ్ళ ముస్లింల ఇంటి యాసలో. మనలో ఎవరైనా నవలకు దూదేకుల యాసలో పేరు పెడితే 'ప్రామాణికం' చేయమనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అందులో తల్లి కుంజుతాచుమ్మ కాళ్ళకు కొయ్య పావుకోళ్ళు వేసుకుని టకటకలాడిస్తూ తిరుగుతుంది. ఆస్తి వ్యాజ్యంలో ఊడ్చుకుపోతుంది, ఇల్లు చిన్నదవుతుంది, పావుకోళ్ళ చప్పుడు మాత్రం తగ్గదు. నోరు తెరిస్తే ఒకటే మాట, మా నాయనకు ఏనుగుండేది, పెద్ద కొమ్ముల ఏనుగు. కూతురు కుంజుపాత్తుమ్మకు ఆ ఏనుగు తప్ప ప్రపంచం తెలియదు. పక్కింట్లోకి చదువుకున్న ముస్లిం కుటుంబం వస్తుంది. ఆ ఇంటి పిల్ల ఆయిషా ఈ అమ్మాయికి అక్షరాలు దిద్దిస్తుంది. చివర్లో వీధి పిల్లలు తల్లిని ఆట పట్టిస్తారు. ఆ ఏనుగు ఏనుగు కాదు, 'కుళియాన' అట! ఇసుకలో గరాటులా గుంట చేసుకుని చీమల కోసం కాచుక్కూచునే చిన్న పురుగు. మలయాళంలో ఆ పురుగు పేరులోనే 'ఆన' ఉంది, అంటే ఏనుగు. గుంట ఏనుగన్నమాట.

ఇంతకన్నా నిర్దాక్షిణ్యమైన నవ్వు మా సాహిత్యంలో మేమింకా నవ్వలేదు. ఆ నవ్వు పైనుంచి వచ్చింది కాదు, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని నవ్వింది. అందుకే తల్లి మీద మనకు కోపం రాదు. ఏనుగు పోయాక ఆమెకు ఏం మిగిలిందని కడుపులో కలుక్కుమంటుంది.

వేదిక మమ్మల్ని అడిగేది ఆ ఏనుగునే. నిజాం నగలు, చార్మినార్, ఖవ్వాలీ, అత్తరు, బిర్యానీ. ఇదొక ఏనుగు. ఇంకో రకం ఉంది: మూడు తలాఖులు, గంపెడు పిల్లలు, బుర్ఖాలో ఉక్కిరిబిక్కిరవుతున్న ఆడది, చివరకు జ్ఞానోదయం. ఇది కూడా ఏనుగే, కాళ్ళు పైకి పెట్టి పడుకున్న ఏనుగు. రెంటికీ గిరాకీ ఉంది. నవలలో వెతికి ఈ రెంటిలో ఒకటి దొరికితే దాన్నే ఫ్లెక్సీ మీద వేస్తారు. దొరక్కపోతే నిరాశపడతారు. వెల్డింగ్ షాపు కుర్రాడికి ఏనుగు లేదు, గుంటలో పురుగు కూడా లేదు, అప్పుంది. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ ఫ్లెక్సీ మీద చార్మినార్ వేయించింది మా డబ్బుతోనే. కుంజుతాచుమ్మ పావుకోళ్ళు మా కాళ్ళకూ ఉన్నాయి.

అయితే బషీర్‌ను చూపించి, సంచి భుజాన వేసుకోండి, అంతా అదే బాగుపడుతుంది అనడం మోసం. ఆయన తట్టిన తలుపుల వెనక చదివేవాళ్ళున్నారు. 1945లో కోట్టయంలో 12 మంది రచయితలు 120 రూపాయలు పోగేసుకుని సాహిత్య ప్రవర్తక సహకార సంఘం పెట్టుకున్నారు, దానికి మొదటి అధ్యక్షుడు ఆ ఎం.పి. పాలే. అదే 1945లో పి.ఎన్. పణిక్కర్ 47 గ్రామీణ గ్రంథాలయాలతో గ్రంథశాలా సంఘం మొదలుపెట్టాడు. రచయిత ఒంటరిగా నడిచాడు కానీ, దారి ఉంది. మనకు గ్రంథాలయోద్యమం అంతకంటే ముందే వచ్చింది, గొప్ప చరిత్ర ఉంది. ఈనాడు జిల్లా గ్రంథాలయాల్లో కొత్త నవల ఎప్పుడొస్తుందో, కొనుగోలు జాబితాలో ఎవరి పేరు ఎందుకుంటుందో తిరిగినవాళ్ళకు తెలుసు. మేమూ తిరిగాం.

ఇంకొకటి. బషీర్ మగవాడు, ఏ గడప ముందైనా నిలబడగలిగాడు. మా అక్కచెల్లెళ్ళ సంగతి? దీనికి కన్నడంలో జవాబుంది. కాసరగోడులో 1936లో పుట్టిన సారా అబూబకర్ మొదటి నవల 'చంద్రగిరియ తీరదల్లి' 1981లో లంకేశ్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. తలాఖు, మళ్ళీ కలవాలంటే మధ్యలో ఇంకో పెళ్ళి, ఆ మెలికలో నలిగిపోయిన పిల్ల కథ. 1985లో పుత్తూరులో ఆమెను సభలో మాట్లాడనివ్వకుండా మన మతంవాళ్ళే అడ్డుకున్నారు. తర్వాత ఆమె ఏం చేసింది? 1994లో చంద్రగిరి పేరుతోనే సొంత ప్రచురణ సంస్థ పెట్టుకుంది. తన పుస్తకం ఎలా రావాలో, ఏ అట్టతో రావాలో తనే తేల్చుకుంది. 2023లో చనిపోయింది. ఆమె నవలను 'కాళ్ళు పైకి పెట్టిన ఏనుగు' అనగలమా? అనలేం. అదే వస్తువును సభలో ఒకాయన ఎత్తుకుంటే ఏనుగవుతుంది. ఆమె రాస్తే ఒక తల్లి, ఒక కూతురు, ఒక ఏరు అవుతుంది. తేడా వస్తువులో లేదు. పట్టుకున్న చేతిలో ఉంది.

మన దగ్గరికొస్తే, స్కైబాబ కథల సంపుటి పేరు 'అధూరే', 2011లో వచ్చింది. అసంపూర్ణులు, సగంలో ఆగినవాళ్ళు. కథలన్నింటి మీదా పరుచుకునే మాట. 2016లో అదే ఇంగ్లీషులోకి వెళ్ళినప్పుడు పేరు 'వెజిటేరియన్స్ ఓన్లీ' అయింది. అద్దె ఇంటి కథ పేరది. దేశమంతా ఒక్క చూపులో అర్థమయ్యే పేరు, ఇంగ్లీషు పాఠకుడికి సూటిగా తగిలే పేరు. తప్పని మేం అనం. కానీ 'అధూరే'లో ఉన్న దిగులు మనుషులది. రెండో పేరులో ఉన్నది గేటుకు తగిలించిన బోర్డు. కొత్త పాఠకుడి దగ్గరికి పోవడానికి మనుషుల్ని వదిలి బోర్డును ముందుకు తోయాల్సి వచ్చిందంటే, పుస్తకం ప్రచారం విమర్శకు సంబంధించిన విషయం కాదని ఎవరంటారు?

సలీం 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది ఎయిడ్స్ మీద నవల. ముస్లిం రచయిత రోగం గురించి రాయొచ్చు, బ్యాంకు గురించి రాయొచ్చు, వాన గురించి రాయొచ్చు. మావాళ్ళే కొందరు ఆ నవలను మా లెక్కలో రాసుకోవడానికి తటపటాయించారు. 'అందులో మనమెక్కడ' అన్నారు. ఇది ముఖ్య అతిథి చేసే పనే, మావైపు నుంచి చేయడం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' నుంచి, 1998 'జల్‌జలా' నుంచి మేం అడిగింది మా నోటితో మేం మాట్లాడతాం అని. ఒకే విషయం మాట్లాడతాం అని కాదు.

2025 మే నెలలో బానూ ముష్తాక్‌కు, అనువాదకురాలు దీపా భస్తికి అంతర్జాతీయ బుకర్ వచ్చింది. పన్నెండు కన్నడ కథలు ప్రపంచం తిరిగాయి. పెద్ద బహుమతి వెనక పెద్ద యంత్రం ఉంటుంది, పుస్తకాన్ని ఎలా చూపాలో ఆ యంత్రానికి తెలుసు. అదే ఏడు సెప్టెంబరులో ఆమె మైసూరు దసరా ప్రారంభిస్తుందంటే కోర్టుల దాకా పోయారు. సుప్రీంకోర్టు కూడా కొట్టేశాక ప్రారంభించింది. ఆ నెల రోజులూ ఆమె కథలు చదివి మాట్లాడినవాళ్ళెందరు? 2000లో ఇదే మనిషిని, ఆడవాళ్ళు మసీదుకు వెళ్ళే హక్కు గురించి మాట్లాడినందుకు మావాళ్ళు వెలివేశారు. రెండువైపులా మనిషినే పట్టుకున్నారు, పుస్తకాన్ని కాదు. బుకరే ఆపలేనిదాన్ని మా ఐదువందల కాపీలు ఆపుతాయా అనిపిస్తుంది కొన్ని రాత్రులు.

మావాళ్ళ సంగతి ఎత్తాం కనుక అదీ చెప్పాలి. మా బస్తీల్లో నవల పట్టుకుని తిరగడం సభ కన్నా కష్టం. పెద్దవాళ్ళలో చాలామందికి ఉర్దూ లిపి వచ్చు, తెలుగు రాదు. కుర్రవాళ్ళకు తెలుగు వచ్చు, తీరిక లేదు. చదివిన ఒకరిద్దరు "మన ఇంటి సంగతులు బయటెందుకు పెట్టావ్, అసలే రోజులు బాలేవు" అంటారు. ఆ మాటను ఛాందసం అని తీసిపారేయలేం. రోజులు నిజంగానే బాలేవు. ఇంట్లో తగువును పేపర్లో వేసుకుని ఎవరో మా మీదికే విసిరిన రోజులు చూశాం. వేదిక మీద ముఖ్య అతిథికీ, వీధిలో ఆ పెద్దమనిషికీ మధ్య నవలాకారుడు నలుగుతాడు. ఒకరికి మేం చాలినంత ముస్లింలం కావాలి, ఇంకొకరికి మరీ అంత బాహాటంగా కాకూడదు.

ఆ వెల్డింగ్ షాపు నవల రాసినతని అమ్మీకి తెలుగు చదవడం రాదు. సభకు వచ్చింది, చివరి వరుసలో కూర్చుంది, ముఖ్య అతిథి మాట్లాడినంతసేపూ కొంగు సర్దుకుంటూ ఉంది. రంజాన్ నెలలో తరావీ నమాజులు అయ్యాక, ఇంట్లో మగవాళ్ళు ఇంకా మసీదు నుంచి రాకముందు, ఆమె మనవరాలు ఆ నవల పైకి చదివింది. రోజుకు కొంచెం. ఇద్దరు ఖాలాలు, పక్కింటి రాజేశ్వరమ్మగారు వచ్చి కూర్చునేవారు. మూడో రోజు అమ్మీ ఆపింది.

"యే తో మేరీ బాత్ హై. ఎవర్నడిగి రాసిండు?"

కొడుకు దగ్గర జవాబు లేదు. ఖాలా మాత్రం, "మూడో రోజు నుంచి కథ కదలడం లేదు, అప్పులోడు వచ్చిపోవడం ఎన్నిసార్లు రాస్తాడు?" అంది. మూడో అధ్యాయమే! పత్రికలేవీ పట్టుకోనిది ఆమె పట్టుకుంది. రాజేశ్వరమ్మగారు, "అప్పులోళ్ళు అన్నిసార్లూ వస్తారు, నీకేం తెలుసు" అని అడ్డం తగిలింది. ఆమె భర్త ఆటో ఫైనాన్సువాళ్ళు తీసుకెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నెలవంక సంగతి, మినారు సంగతి ఎవరూ ఎత్తలేదు. పుస్తకం అట్ట మీద చాయ్ గ్లాసు పెట్టారు.

మంచం కింది పెట్టెల్లోంచి ఆ నెలలో కొన్ని కాపీలు వెళ్ళిపోయాయి. రాజేశ్వరమ్మగారు రెండు పట్టుకెళ్ళింది, ఒకటి ఆటో యూనియన్ ఆఫీసులో ఉందట. డబ్బులు సగమే వచ్చాయి. అతని రెండో నవల ఇప్పుడు ప్రూఫుల్లో ఉంది. అట్ట ఇంకా వేయించలేదు. ముందుమాట ఒక్కటే ఉంటుందన్నాడు, అది ఎవరు రాయాలన్న దగ్గర మాలో మాకే గొడవ అవుతోంది. ఖాలా చెబితే మనవరాలు రాయాలని కొందరం, మరీ విడ్డూరంగా ఉంటుందని కొందరం.